అక్క పొర

అక్కకి నమస్కరించి తమ్ముడు రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నా మట్టి క్షేమంగా లేదు. నువ్వు, బావ, కొట్టులో పూలు ఎవరూ వాడిపోకుండా ఉన్నారని తలుస్తాను.

ఫోను చేయొచ్చుగా అంటావు. నా బల్ల పక్కన గోడ, ఆ గోడకి అవతల మా పెద్దమేడమ్. గోడలకి చెవులుంటాయంటారు, ఈ గోడకి కళ్లద్దాలు కూడా ఉన్నాయి. అందుకే ఉత్తరం.

విషయం ఏమిటంటే, మేం మట్టి దాచే చల్లగది మిషను చెడిపోయింది. బాగుచేసేవాడు వచ్చాడు, చూశాడు, తల గోక్కున్నాడు, టీ తాగి వెళ్లాడు. ఏదో భాగం తెప్పించాలట, అది ఎప్పుడొస్తుందో దానికే తెలియాలి. ఈలోగా మట్టి ఎండితే బీటలు వారుతుంది, ఉక్కపోస్తే బూజు పడుతుంది. మిగతా పెట్టెలన్నీ అక్కడా ఇక్కడా కాళ్లావేళ్లా పడి సర్దాను. ఒక్కటి మిగిలింది. అది నా ప్రాణం. నీ గులాబీలకి ఎంత చలి కావాలో నా మట్టికీ సరిగ్గా అంతే కావాలి. కాబట్టి రేపు లారీలో నీ కొట్టుకి పంపిస్తున్నాను, కాదనకు.

ఇన్నేళ్లుగా నువ్వు అందరికీ "మా తమ్ముడు సముద్రంలో ఏదో చేస్తాడు" అని చెప్తూ వచ్చావు. ఇప్పుడు నీ చల్లగదిలో పెడుతున్నాను కాబట్టి ఆ ఏదో ఏమిటో తెలియాలి. ఒడ్డుకి చాలా దూరంగా, బాగా లోతైన చోట, సముద్రం అడుగున సన్నటి మట్టి పడుతూ ఉంటుంది. వెయ్యేళ్లు పడితే ఒక బియ్యపుగింజ మందం పేరుకుంటుంది. ఓడమీంచి పొడుగాటి గొట్టం దించి ఆ మట్టిని గుచ్చి పైకి లాగి, నిలువునా రెండు సగాలుగా కోస్తారు. ఒక సగం నాలాంటివాడు గోకి చూసుకోవడానికి. రెండో సగం ఎవరూ ముట్టకుండా దాచడానికి. దాచే సగాలు మేడమ్ గదిలో, ఆవిడ సొంత ఫ్రిజ్‌లో ఉంటాయి. కావాలంటే తలుపు తట్టి అడగొచ్చు. ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నేను ఒక్కసారీ తట్టలేదు. పులి బోనులో బంగారం దొరుకుతుందన్నా నేను వెళ్లే రకం కాదని నీకు తెలుసు.

అంటే నా ఉద్యోగం, మట్టి పడుతుంటే చూడటం. అదీ ఎప్పుడో పడిపోయిన మట్టి. సోమరితనానికి ఇంతకన్నా మంచి చదువు లేదు.

ఇక అసలు కష్టం. మా కమిటీవాళ్లు వచ్చి, "ఇన్నేళ్లుగా ఈ గదిలో బురద తప్ప ఏముంది, ఖాళీ చేసి మీటింగ్ హాలు కడదాం" అన్నారు. వానలు మొదలయ్యేలోగా ఆ మట్టిలోంచి కొత్త సంగతి ఒక్కటైనా కమిటీ ముందు చూపించాలట. లేకపోతే ఇన్నేళ్ల మట్టినీ బయట పారబోస్తారు. దానితోపాటు నన్నూ. ఆ కొత్త సంగతేదో ఈ పెట్టెలోనే ఉందని నా నమ్మకం.

పెట్టె మనిషంత పొడుగు. పడుకోబెట్టే ఉంచాలి, నిలబెట్టకూడదు. తెరవకూడదు. ఇది గొట్టం నడిమి ముక్క, రెండు కొసలూ కవల పిల్లల్లా ఉంటాయి. ఒక కొసన "పైన" అని చీటీ ఉంటుంది. అటు వైపు రెండు లక్షల ఏళ్ల నాటిది, ఇటు వైపు పది లక్షల ఏళ్ల నాటిది.

ఇట్లు,
నీ మట్టిబుర్ర తమ్ముడు

తా.క.: పెట్టెలో ఏముందో బావకి చెప్పకు. బావకి చెప్తే సెలూన్‌లో బోర్డు కట్టినట్టే.

*

చిరంజీవి తమ్ముడిని ఆశీర్వదించి అక్క రాస్తున్నది.

నీ పెట్టె చేరింది. నీ పెట్టె చేరిన సంగతి మా వీధి వీధంతటికీ చేరింది. బావకి చెప్పకు అన్నావు కాబట్టి చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో నువ్వు ఆలోచించలేదు.

మనిషంత పొడుగు పెట్టె. చల్లగా ఉంచాలి. పడుకోబెట్టాలి. తెరవకూడదు. పూలకొట్టుకే వచ్చింది. లారీ డ్రైవరు దాన్ని దించుతూ, "పెద్ద వయసేనామ్మా?" అని అడిగాడు. నాకు అబద్ధం ఆడటం రాదు కదా, "చాలా పెద్ద వయసు" అన్నాను. ఆ మాట విని మీ బావ టోపీ తీసేశాడు. ఆ మధ్యాహ్నమంతా మళ్లీ పెట్టుకోలేదు. సాయంత్రం నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి, "మీ తమ్ముడికి ఏమవుతారు?" అన్నాడు. "ఆయన వల్లే వాడికి అన్నం పుడుతోంది" అన్నాను. అందులో అబద్ధం ఉందా చెప్పు. మీ బావ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, అమ్మకానికి పెట్టిన తెల్ల లిల్లీలు ఒక గుత్తి తెచ్చి పెట్టె మీద పెట్టాడు. కొట్టు పెట్టినప్పటినుంచీ నాకు ఒక్క పువ్వు ఇవ్వని మనిషి.

పెట్టె తెరవలేదు. మూత కొంచెం పక్కకి జరిగింది, దానంతట అదే. లోపల చూద్దామని కాదు, మూసేద్దామని వంగాను. అబ్బ, ఎంత నున్నగా ఉందిరా. కాఫీ రంగు, వెన్న ముద్దలా. వేలు పెట్టలేదు. పెట్టినా ఒక్కసారే.

నా చల్లగదిలో తేమకి ఏ చీటీ నిలవదు, పూల ధరల చీటీలు రోజూ అతికిస్తూనే ఉంటాను. నీ పెట్టె సంగతి నాకు వదిలెయ్. పూలని కాపాడినదాన్ని బురదని కాపాడలేనా.

మా తోడికోడలు కూతురి పెళ్లి దగ్గరపడింది. పూలన్నీ మన కొట్టువే. ఆవిడ నాకన్నా ఆరేళ్లు పెద్ద, పక్కన నిలబడితే నన్నే పెద్దదాన్ననుకుని వదినగారూ అంటున్నారు. నా కడుపులో మంట నీకేం తెలుసు, నీకు లక్షల లెక్కలు.

ఇట్లు,
అక్క

తా.క.: ఆ మట్టి చర్మానికి మంచిదా? ఊరికే అడుగుతున్నాను.

*

అక్కకి నమస్కరించి రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి బల్లకింద దాక్కుని నవ్వాను. తర్వాత "వేలు పెట్టినా ఒక్కసారే" అన్న ముక్క గుర్తొచ్చి బల్లకిందే ఉండిపోయాను. అక్కా, నీ వేలు మందం ఎన్ని వేల ఏళ్లో తెలుసా? ఇక పెట్టకు.

అది ఎందుకంత నున్నగా ఉందో చెప్తాను. నది తెచ్చే ఇసక బరువు, ఒడ్డు దగ్గరే కూలబడుతుంది, మన పెద్దమామయ్య పెళ్లిలో మొదటి కుర్చీలో కూర్చున్నట్టు. ఒండ్రు ఇంకొంచెం దూరం వెళ్తుంది. ఒడ్డుకి మరీ దూరంగా నడిసముద్రం దాకా వెళ్లేది పిండికన్నా సన్నటి దుమ్ము ఒక్కటే. కొంత నీళ్లలో తేలి వెళ్తుంది, కొంత ఎక్కడో ఎడారిలో లేచి గాలికి ఎగిరి వెళ్లి పడుతుంది. నీటిలో ఉండే చిన్న చిన్న ప్రాణుల గుల్లలు కూడా రాలతాయి కానీ అంత లోతుకి చేరేసరికి కరిగిపోతాయి. మిగిలేది ఈ దుమ్మే.

ఈ దుమ్ము రేణువు ఒంటరిగా కిందికి దిగాలంటే నీ నా జన్మ చాలదు. మధ్యలో ఏదో రొయ్య పిల్లంత ప్రాణి దాన్ని మింగుతుంది. మింగి, ఉండ చేసి, వెనకనుంచి వదులుతుంది. ఆ ఉండ బరువుగా ఉంటుంది కాబట్టి కొద్ది వారాల్లోనే అడుగుకి చేరుతుంది. నువ్వు వెన్న ముద్దలా ఉందని మురిసిపోయినదాంట్లో చాలా భాగం అలా దిగిందే. నేను దీని మీదే డాక్టరేట్ తీసుకున్నాను. ఆ రోజు అమ్మ వీధంతా మిఠాయి పంచింది, దేనికో ఎవరికీ చెప్పలేదు.

చర్మం సంగతి అడిగావు. ఎనిమిది లక్షల ఏళ్లు ఉన్నాయి ఆ పెట్టెలో, ఒక్క ముడత లేదు. ఇంకేం కావాలి.

మిషను భాగం వచ్చేసింది. పెట్టె పంపించెయ్. ఇక్కడ కమిటీవాళ్లు మా గది కొలతలు తీసుకుంటున్నారు. ఒకాయన నా బల్ల దగ్గర నిలబడి, "ఇక్కడ టీ మిషను పెడితే బాగుంటుంది" అన్నాడు. నేను ఆ బల్లమీదే కూర్చుని ఉన్నాను. ఆయన నన్ను చూసి క్షమించమన్నట్టు నవ్వి, నా మీదుగానే కొలిచాడు.

ఇట్లు,
టీ మిషను రాబోయే చోట కూర్చున్న తమ్ముడు

తా.క.: బావ పెట్టిన లిల్లీలు తీసెయ్. మట్టికి పూలంటే పడదు.

*

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

పెట్టె పంపించాను. భద్రంగా ఉంది. చాలా భద్రంగా ఉంది. ఎన్నిసార్లు అడుగుతావు? నువ్వు అడగలేదనుకో, అయినా చెప్తున్నాను.

మీ బావ పెట్టెని వదల్లేక వదిలాడు. రోజూ పొద్దున్నే చల్లగదిలో స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చునేవాడు. పూలు సర్దుతున్నాడేమో అనుకున్నాను. ఒకరోజు తలుపు దగ్గర ఆగి విన్నాను కదా, నా మీద చాడీలు. "మీరు పెద్దవారు, మీకు చెప్పకపోతే ఎవరికి చెప్పుకుంటాను, నేను చెప్పిన మాట ఈ ఇంట్లో ఎవరూ వినరు" అంటున్నాడు. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది, తర్వాత కొంచెం ఏడుపూ వచ్చింది. సరే, ఇప్పుడు దాని సంగతి ఎందుకు.

పెళ్లి బాగా జరిగింది. నన్ను చూసి అందరూ పదేళ్లు తగ్గిపోయావన్నారు. తోడికోడలు ముఖం చూడాల్సింది. ఏం రాసుకున్నావని అడిగింది. ఇంటిపట్టున దొరికేది కాదులే అన్నాను.

నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి ఒక సంగతి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఇలాంటి మట్టి ఎప్పుడైనా, ఎవరి దగ్గరైనా, కాస్త తగ్గిందనుకో. ఒక నాలుగు వేళ్ల మందం. మళ్లీ పేరుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? నెలలో పేరుకుంటుందా, లేక ఏడాది పడుతుందా?

ఇట్లు,
అక్క

తా.క.: ఈ ప్రశ్న నాది కాదు. కొట్టుకి వచ్చిన ఒకావిడ అడిగింది.

*

అక్కకి వెయ్యి నమస్కారాలు. లెక్కపెట్టి పెట్టుకో.

నేను కూర్చుని రాస్తున్నానో, గాల్లో తేలి రాస్తున్నానో నాకే తెలీదు. దొరికిందక్కా. కమిటీ అడిగిన కొత్త సంగతి దొరికింది. పెట్టె మూత తీసి చూద్దును కదా, కాఫీ రంగు మట్టి మధ్యలో లేత గోధుమ రంగు పొర, సరిగ్గా నాలుగు వేళ్ల మందం. ఇన్నేళ్లూ ఆ పెట్టె చూస్తున్నాను, ఎప్పుడూ కంటపడలేదు. పైన ఎండిన పొర ఏదో కప్పేసి ఉంటుంది, నీ చల్లగది తేమకి అది విడిపోయి బయటపడి ఉంటుంది. నీ పుణ్యమే.

ఆ పొరలో రేణువులు మిగతా మట్టికన్నా సన్నగా ఉన్నాయి. ఎవరో చెంచా వెనకవైపుతో సాపు చేసినట్టు అంచులు తిన్నగా ఉన్నాయి. ప్రకృతికి అంత పొందిక ఎలా వచ్చిందా అని నేను కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. దానికో సన్నటి సువాసన కూడా ఉంది. అన్నిటికన్నా వింత, మైక్రోస్కోపు కింద పెడితే పుప్పొడి. గులాబీ, లిల్లీ. ఒడ్డుకి అంత దూరంలో, నడిసముద్రం అడుగున, ఎప్పుడో మనిషన్నవాడు సరిగా లేని రోజుల్లో.

లిల్లీ పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదని పక్క బల్లవాడు అడ్డుపుల్ల వేశాడు. ఎగరని పుప్పొడి కూడా ఎగిరిందంటే ఆ గాలి ఎంత గట్టిదో ఆలోచించుకో అన్నాను. నా సిద్ధాంతం ఇది: ఎక్కడో నేల మీద లెక్కలేనన్ని పూలతోటలు. వాటి మీంచి వేల ఏళ్లపాటు ఆగకుండా ఒక మహా గాలి. ఆ గాలి పువ్వుల్ని దులిపి దులిపి సముద్రం మీద చల్లింది.

పెద్దమేడమ్‌కి కాగితం పంపాను, తలుపు కిందనుంచి. మర్నాడు ఆవిడ నా బల్లదగ్గర ఆగి, "రెండో సగం చూశారా?" అంది. చూస్తానండీ అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి నవ్వింది. ఆవిడ నవ్వడం ఇదే మొదటిసారి, చూసినవాళ్లు ఇద్దరు కుర్చీల్లోంచి లేచారు. తలుపు దాకా వెళ్లి, తట్టకుండానే తిరిగొచ్చాను. అయినా ఒక సగంలో ఉంటే రెండో సగంలో ఉండకుండా ఎక్కడికి పోతుంది.

వచ్చే వారం కమిటీ ముందు నా ఉపన్యాసం. చైర్మన్ గారే స్వయంగా వస్తున్నారు. కొత్తగా దొరికినదానికి పేరు పెట్టే హక్కు దొరికినవాడిది. నేను పెట్టాను. "అక్క పొర". పుస్తకాల్లోకి ఎక్కుతావు. నన్ను పెంచింది నువ్వు, నా మట్టిని కాపాడింది నువ్వు. ఇంకెవరి పేరు పెడతాను చెప్పు.

ఇట్లు,
ఇక మట్టిబుర్ర కాని నీ తమ్ముడు

తా.క.: కొట్టుకొచ్చిన ఆవిడకి చెప్పు. నాలుగు వేళ్ల మందం పేరుకోవడానికి ముప్పై అయిదు వేల ఏళ్లు. తొందరపడొద్దని నా మాటగా చెప్పు.

*

తమ్ముడూ,

ఆశీస్సులూ అవీ తర్వాత. ఇది కూర్చుని చదువు. నిలబడి ఉంటే కూర్చో.

నీకు ఫోను మీద ఫోను చేశాను, ఎత్తవు. ఉపన్యాసం బట్టీ పడుతున్నావేమో. పోస్టులో వేస్తే నువ్వు మాట్లాడేశాక చేరుతుంది. అందుకే మీ బావకిచ్చి పంపుతున్నాను. ఆయనకి ఇందులో ఏముందో తెలీదు. "పెద్దాయన గురించి" అన్నాను, నల్లకోటు వేసుకుని బయల్దేరాడు.

ఆ పొర నేనే.

పెళ్లికి ముందురోజు అద్దంలో చూసుకున్నాను. నువ్వేమో రాశావు, ఎనిమిది లక్షల ఏళ్లు, ఒక్క ముడత లేదని. డాక్టరేట్ ఉన్నవాడు రాశాడు కదా అని నమ్మాను. కాడలు కోసే చాకుతో మధ్యలోంచి కాస్త తీసుకున్నాను. కొస నుంచి తీస్తే నీకు తెలిసిపోతుందని. అరగంట ముఖానికి పట్టించి కడిగేసుకున్నాను. వచ్చి చూస్తే పెట్టెలో పన్ను ఊడినట్టు సందు. పక్క వీధి దుకాణంలో ముఖానికి రాసుకునే మట్టి ప్యాకెట్ తెచ్చాను, చాలకపోతే ఇంకోటి తెచ్చాను. రోజ్‌వాటర్‌తో కలిపి, నింపి, చెంచా వెనకవైపుతో సాపు చేశాను. ఏప్రన్ కూడా విప్పలేదు. దాని నిండా లిల్లీ పుప్పొడే, నీకు తెలుసు కదా ఎలా అంటుకుంటుందో. ఆ మహా గాలి ఏదీ లేదురా. అది నా ఏప్రన్.

ఆరిపోతే కాఫీ రంగులోకి వస్తుందనుకున్నాను. రాలేదు.

ఊరుకుందామనుకున్నాను. నీ గది నిలబడుతుంది, నీ ఉద్యోగం నిలబడుతుంది, నా పేరు పుస్తకంలో ఉంటుంది, ఎవరికి నష్టం అనుకున్నాను. కానీ నువ్వు దానికి నా పేరు పెట్టావు చూడు, అక్కడ నాకు ఊపిరాడలేదు. రేపెవడో తెలివైనవాడు పట్టుకుంటే నవ్వేది నిన్ను చూసి. నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు. తిట్టాక మాత్రం మాట్లాడటం మానకు.

అక్క

తా.క.: ఒక్క ముడత లేదని రాసింది మాత్రం నువ్వే. అది మర్చిపోకు.

*

అక్కకి నమస్కరించి మట్టిబుర్ర తమ్ముడు రాస్తున్నది. పాత పేరే ఖాయం చేసుకున్నాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను. హాలు నిండుగా ఉంది. చైర్మన్ గారు ముందు వరసలో, మేడమ్ గోడవారగా. నేను మహా గాలి దాకా వచ్చాను. "ఆ తోటలు ఎంత విశాలమైనవో ఊహించండి" అని చెయ్యి చాపాను. చాపిన చేతిలో ఎవరో కవరు పెట్టారు. చూస్తే బావ. నల్లకోటు, చేతిలో టోపీ. "మనసు దిటవు చేసుకో" అని నా చెవిలో చెప్పి పక్కకి తప్పుకున్నాడు.

ఎవరికో ఏదో అయిందనుకుని అక్కడే చించి చదివాను. చదువుతుంటే చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. మడిచి జేబులో పెట్టుకుని మిగతా ఉపన్యాసం చెప్పేయొచ్చు. అక్కా, నీ దగ్గర దాచడం ఎందుకు, పెట్టుకున్నాను కూడా. ఇంకో రెండు వాక్యాలు గాలి గురించి మాట్లాడాను. మూడో వాక్యంలో "అక్క పొర" అనాలి. నోరు రాలేదు. నువ్వు ఊపిరాడలేదన్న చోటే నాకూ ఆడలేదు.

ఉత్తరం తీసి మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. తాజా కలంతో సహా.

తర్వాత చైర్మన్ గారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వుకి కుర్చీ కదిలింది. హాలంతా నవ్వింది, పక్క బల్లవాడు నేలమీద కూర్చుని నవ్వాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. నేను చచ్చిపోతే కూడా అంతమంది అంతసేపు నన్ను తలుచుకోరు.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని ఆయన, "ఇంతకీ మీ అక్కగారు ఎన్నేళ్లు కడిగేసుకున్నారు?" అన్నారు.

"ముప్పై అయిదు వేల ఏళ్లండీ. అరగంటలో."

అప్పుడు నవ్వు ఆగింది. ఎవరూ ఆపమనలేదు, అదే ఆగింది. "మళ్లీ పేరుకోవాలంటే?" అన్నారు. "అన్నేళ్లూ పట్టాలండీ. మధ్యలో తొందరపెట్టేవాళ్లు ఎవరూ లేరు" అన్నాను. ఆయన పెట్టె దగ్గరికి వచ్చి వంగి, నువ్వు నింపిన ఆ నాలుగు వేళ్లని చాలాసేపు చూశారు. ఇన్నేళ్లుగా నేను ఎన్నో బొమ్మలు, పట్టికలు చూపించి చెప్పలేకపోయిన ముక్క నీ సందు చెప్పింది. వెనకనుంచి ఒకాయన నెమ్మదిగా, "పారబోస్తామన్నది దీన్నేనా?" అన్నాడు. నా మీదుగా టీ మిషనుకి కొలతలు తీసిన మనిషే.

గది ఉంటుందక్కా. మట్టి ఉంటుంది. మీటింగ్ హాలు ఇంకెక్కడో కడతారట. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

ఇంకోటి విను. బావ ఈ గొడవేదీ పట్టకుండా పెట్టె ముందుకి వెళ్లి తల వంచి నిలబడ్డాడు. మేడమ్ చూసి, ఈ మట్టికి ఇంత గౌరవం ఇచ్చిన మొదటి మనిషి మీరేనండీ అంది. "ఆయన నా మాటలన్నీ ఓపిగ్గా విన్నారండీ" అన్నాడు బావ. ఇద్దరూ ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నట్టు తలలు ఊపుకున్నారు.

మేడమ్ తర్వాత నాకు రెండో సగం ఫొటో చూపించింది. అందులో ఏ పొరా లేదు. నేను కాగితం పంపిన రోజే ఆవిడ చూసుకుందట. పెట్టె నీ కొట్టుకి వెళ్లిన సంగతి కూడా తెలుసట, లారీ చీటీమీద సంతకం ఆవిడదే. "మరి అప్పుడే చెప్పలేదేమండీ?" అంటే, "మీరే వచ్చి తలుపు తడతారని ఎదురుచూశాను. ఇవాళ కూడా మీరు చెప్పకపోతే నేను లేచేదాన్ని" అంది. అనుమానం వస్తే ఇకనైనా తట్టండి అని కూడా అంది.

ఇప్పుడు నీ పొర తీసేసి, మిగతా మట్టి మీద నిజాయితీగా పని చేస్తున్నాను. ఈసారి నిజంగానే ఒకటి దొరికింది. కింది కొస నుంచి పై కొసకి వచ్చేకొద్దీ దుమ్ము రేణువు లావవుతోంది. అంటే ఆ కాలంలో గాలి యుగయుగానికీ బలపడుతూ వచ్చింది. పుప్పొడి లేదు, సువాసన లేదు, ఉత్త మట్టి. రాసేశాను, రేపు మేడమ్‌కి ఇస్తాను. పెట్టె నా కళ్లముందే ఉంది కాబట్టి తలుపు తట్టాల్సిన పని రాలేదు.

నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టాక మర్చిపోయాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నేను వచ్చేస్తుంటే మేడమ్ వెనక్కి పిలిచి, చుట్టూ చూసి, మెల్లగా అడిగింది. నిజంగా పనిచేసిందా అని.

*

చిరంజీవి తమ్ముడిని మనసారా ఆశీర్వదించి అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం కొట్టులోనే చదివాను. బొకే కొనడానికి వచ్చిన ఆయన నా కళ్లు చూసి, తను కొన్న గుత్తిలోంచి ఒక పువ్వు తీసి నాకే ఇచ్చి వెళ్లాడు. అంతమంది ముందు నువ్వు నా ఉత్తరం చదివావంటే నాకు సిగ్గేసింది, అంతకన్నా గర్వమేసింది. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి పిల్లి మీద పెట్టినవాడివి. ఇంత ఎదిగావు.

మేడమ్‌కి చెప్పు, పనిచేయలేదు. పదేళ్లు తగ్గానని అందరూ అన్నారని రాశాను కదా, అది నేనే అనుకున్నది. ముఖమంతా ఎర్రగా దురదలు. తోడికోడలు ఏం రాసుకున్నావని అడిగింది నిజమే, వైద్యుడికి చెప్పడానికి అడిగింది. ఆ మట్టి ఏ ప్రాణి వెనకనుంచి దిగిందో నువ్వు ముందే రాశావు, నేనే ఆ ముక్క దాటేసి ముడత దగ్గర ఆగాను.

అది మట్టి అని మీ బావకి నిన్న చెప్పాను. ఇంకా తేరుకోలేదు. మట్టితో చెప్పుకున్నందుకు కాదట, తిరిగి పంపేసినందుకు. పొద్దున చల్లగదిలో స్టూలు అలాగే ఉంటే నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను. చెప్పు, వింటాను అన్నాను. కాసేపు లిల్లీల వంక చూసి మొదలుపెట్టాడు. చలికి బిగుసుకుపోయాం కానీ, విన్నాను. నా మీదే చెప్పాడు. చాలావరకు నిజమే.

నీ గది నిలబడింది, అది చాలు. నా పేరు పుస్తకంలో లేకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
పొర కాని అక్క

తా.క.: చెప్పడం మర్చిపోయాను. చల్లగది తేమకి నీ పెట్టె మీది "పైన" చీటీ కూడా ఒకరోజు ఊడిపడింది. పూల ధరల చీటీలతోపాటు దాన్నీ నేనే అతికించాను. ఏ కొసకి అని మాత్రం అడగకు, రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. గాలి పెరిగిందో తగ్గిందో నాకు తెలీదు కానీ, నాయనా, ఈసారి ఆ తలుపు తట్టు.